మా ఆవిడ ఇక ఏ ఊరూ రానంటోంది!

సమస్య:

నాకు అరవై దాటాయి. ఈమధ్యే రిటైరయ్యాను. మాది ఖమ్మం. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. ఇన్నాళ్ళూ బాధ్యతలతోనే సరిపోయింది, ఇకనైనా నాలుగు ఊళ్ళు తిరుగుదామని డిసెంబరులో మా ఆవిడను విశాఖపట్నం, అరకు తీసుకెళ్ళాను. మా అక్కయ్య వాళ్ళు గాజువాకలో ఉంటారు కాబట్టి అక్కడే దిగాం. సింహాచలం, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, రుషికొండ, భీమిలి అన్నీ చూపించాను. డబ్బుకు వెనకాడలేదు.

అరకు వెళ్ళే రోజు ఆవిడే తెల్లవారుజామున లేచి పులిహోర, పెరుగన్నం కట్టింది. రైల్లో కిటికీ పక్కన నేను కూర్చుని సొరంగాలన్నీ వీడియో తీశాను, ఇంటికొచ్చాక ఇద్దరం తీరిగ్గా చూసుకోవచ్చని. బొర్రా గుహల దగ్గర మెట్లు ఎక్కువ. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. పైగా అక్కడ కోతులు, సామాన్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. అందుకని ఆవిడను బయట కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళొచ్చి ఫోటోలు చూపించాను. ఒక సాయంత్రం మాత్రం చీకటి పడేదాకా ఆర్కే బీచ్‌లో కూర్చుందామంది. అక్కయ్య భోజనానికి ఎదురుచూస్తుందని లేవదీసుకొచ్చాను. ఇంతకు మించి ఆవిడ మనసు కష్టపెట్టిందేమీ లేదు.

ఇప్పుడు స్నేహితుల కుటుంబాలతో కలిసి మైసూరు, ఊటీ వెళ్దామని టికెట్లు తీశాను. రానంటోంది. ‘మీరే చూసి ఫోటోలు తెండి’ అంటోంది. అమ్మను డాక్టరుకు చూపించమని మా అమ్మాయి సలహా. ఆవిడను ఒప్పించేదెలా?

— ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

సలహా:

మీ ఉత్తరం పైపైన చదివి పక్కన పెట్టేసేదాన్నే. కోతుల దగ్గర ఆగిపోయాను.

బొర్రా గుహల వాకిట్లో కోతుల మధ్య సంచులకు కాపలాగా ఒక పెద్దావిడ. పక్కనుంచి జనం లోపలికి వెళ్తున్నారు, అబ్బురపడుతూ బయటికి వస్తున్నారు. సున్నపురాతిని నీటిచుక్కలు లక్షల ఏళ్ళు కరిగించి, పేర్చి కట్టిన చోటు అది. అంతదూరం వచ్చి కూడా ఆమె చూడలేదు. మీరు ఫోన్ చేతికిచ్చి చూసుకోమన్నారు. ఇప్పుడు ఆమె ‘ఫోటోలు తెండి’ అంటే తప్పేముంది? ఆ పద్ధతి నేర్పింది మీరే.

మామూలు సంగతులు ముందు తేల్చేద్దాం. డాక్టరు అవసరం ఆమె మోకాళ్ళకు, మనసుకు కాదు. ఆమెను అడగకుండా తీసిన టికెట్ రద్దు చెయ్యండి. అమ్మాయి చేత చెప్పించడాలు, ఖర్చు లెక్కలు వినిపించడాలు వద్దు.

మోకాళ్ళు అడ్డమన్నారు. బొర్రా వరకు ఒప్పుకుంటాను. కురుసుర సబ్‌మెరైన్‌లోనూ ఇరుకు ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. అక్కడా ఆమె బయటే ఉండిపోయిందేమో. కానీ కైలాసగిరికి రోప్‌వే ఉంది. సింహాచలం కొండపైకి బస్సు వెళ్తుంది. రుషికొండ మీదుగా భీమిలి వెళ్ళే రోడ్డులో కారు దిగకుండానే సముద్రం చూడొచ్చు. ఇక ఆ రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస - కిరండూల్ లైను అది. 58 సొరంగాలున్న మార్గం. చీకట్లోంచి బయటపడగానే ఒక్కసారిగా లోయ. దాన్ని చూడటానికి మోకాళ్ళతో పనే లేదు. కావలసింది కిటికీ. అది మీరు తీసుకున్నారు.

డబ్బుకు వెనకాడలేదన్నారు. హోటలుకు వెనకాడారుగా! గాజువాకలో మీరు దిగింది మీ అక్క ఇంట్లో. ఆమె దిగింది ఆడపడుచు ఇంట్లో. అక్కడ ఆలస్యంగా లేస్తే బాగుండదు, వంటింట్లోకి వెళ్ళకుండా కూర్చుంటే బాగుండదు. మీరు మిగుల్చుకున్న గది అద్దె ఆమె చాకిరీతో కట్టింది.

మీ ఒక్కరినే అని ఏం లాభం! మన ఇళ్ళలో ఆడవాళ్ళు ప్రయాణాలు తక్కువేం చెయ్యలేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళారు, పురుళ్ళకు వెళ్ళారు, ఆస్పత్రుల్లో రోగుల పక్కన రాత్రుళ్ళు కూర్చున్నారు. తీర్థయాత్రకు బయల్దేరినా స్టవ్వు, బియ్యం మూట, పచ్చడి సీసా వెంట ఉండాల్సిందే. అమెరికా విమానమెక్కినా కూతురికి పురుడు పొయ్యడానికే. నయాగరా చూడటం మధ్యలో దొరికిన ఒక శనివారం ముచ్చట. ఏ ఊరెళ్ళినా ఎవరు తిన్నారు, ఎవరు మాత్ర వేసుకున్నారు, సంచులన్నీ ఉన్నాయా అని చూసుకునే మనిషికి ఊరు చూసే తీరికెక్కడిది? తిరిగొచ్చాక మగవాళ్ళు చూసిన చోట్ల జాబితా చదువుతారు. ఆడవాళ్ళు మాసిన బట్టలు నానబెడతారు. ఇదంతా ప్రేమగానే జరుగుతుంది. అందుకే ఎవరికీ తప్పుగా కనిపించదు, మీకూ కనిపించలేదు.

మీ జాబితాలో ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే ఉంది. మీరు కాదన్నదీ అదొక్కటే. ఖమ్మంలో సంసారం చేసుకున్న మనిషికి సముద్రం ఎన్నిసార్లు దొరుకుతుంది? చేతిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు, దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు. రూపాయి ఖర్చులేని కోరిక. మీ అక్కయ్యగారు ఆ పూట గంట ఆలస్యంగా వడ్డిస్తే ఏమయ్యేది?

ఒప్పించడం మానెయ్యండి. ఎక్కడికి వెళ్ళాలనుందో అడగండి. మొదట ‘మీ ఇష్టం’ అంటుంది. ఇన్నేళ్ళుగా అలవాటైన జవాబది, దాన్ని సరేనన్నట్టు తీసుకోకండి. నాలుగు రోజులాగి మళ్ళీ అడగండి. విశాఖే అందంటే బీచ్ రోడ్డులో గది తీసుకోండి. మీ అక్కయ్యగారింటికి ఒక పూట చుట్టపుచూపుగా వెళ్ళిరండి. ఆమె ఎక్కలేని మెట్లు ఈ ఒక్కసారికి మీరూ ఎక్కకండి. కొంపలేం మునిగిపోవు.

ఏ ఊరూ వద్దు, ఇంట్లోనే ఉంటానందనుకోండి. అదీ సెలవే, ఆమె కోరుకున్న సెలవు. అప్పుడు ఊటీ మానేసి, ఆ నాలుగు రోజులూ ఇంట్లో వంట మీరు చెయ్యండి.