గ్రాఫిక్స్ కోడ్‌లో వరుసలు, ఖాళీలు: తరచూ అడిగే ప్రశ్నలు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో గ్రాఫిక్స్ పని చేసేవాళ్లకు మాయా, న్యూక్, హుడినీలతో పాటు పైథాన్ కూడా పనిముట్టే. సినిమా సినిమాకీ టీమ్ మారుతుంది. ఒకరు రాసి వెళ్లిన కోడ్‌ను ఇంకొకరు తెరవాలి. వరుసలు, ఖాళీల నియమాలన్నీ ఆ ఇంకొకరి కోసమే.

వరుస 79 అక్షరాలు దాటితే తప్పా?
కాదు, కోడ్ మామూలుగానే నడుస్తుంది. 79 అన్నది పైథాన్‌కు 2001లో రాసుకున్న పెప్ 8 శైలి నియమావళిలోని హద్దు, వ్యాఖ్యలకు (కామెంట్లకు) 72. టీమ్ ఒప్పుకుంటే 99 దాకా రాయొచ్చని అందులోనే ఉంది. ఈ హద్దు వెనక పాత కథ ఉంది: ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డుకు 80 నిలువు వరుసలు. తర్వాత టెర్మినల్ తెరలకూ అదే కొలత అయింది. ఇప్పటికీ చిన్న వరుసలుంటే పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇండెంటేషన్ (వరుస మొదట్లో వదిలే ఖాళీ) కూడా మన ఇష్టమేనా?
కాదు. పైథాన్‌లో అది వ్యాకరణం. సేవ్ చేసే వరుస లూప్ లోపల ఉంటే ప్రతి ఫ్రేమ్‌కీ సేవ్ అవుతుంది. నాలుగు ఖాళీలు బయటికి జరిగితే చివర్లో ఒక్కసారే. ట్యాబ్‌లు, స్పేస్‌లు కలగలిపి అర్థం తేలకుండా చేస్తే పైథాన్ 3 నడపనే నడపదు. నాలుగు స్పేస్‌లకు కట్టుబడండి.

వ్యాఖ్యలు తెలుగులో రాయొచ్చా?
నిస్సంకోచంగా. వేరేగా చెప్పకపోతే పైథాన్ 3 కోడ్ ఫైళ్లను యూటీఎఫ్-8గానే చదువుతుంది. కాకపోతే కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. వరుస సగం ఉండగానే హద్దు దాటిందని కోడ్ తనిఖీ చేసే పరికరం హెచ్చరిస్తే అందుకే. తెలుగు వ్యాఖ్యలకు ఆ హద్దు సడలించమని టీమ్‌ను అడగండి.

పాత కోడ్‌ను సర్దితే హక్కు నాదవుతుందా?
అవదు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన. ఖాళీలు సరిచేయడం రచన కాదు. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే యజమానిది. ఫ్రీలాన్సర్ రాసినది, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు ఫ్రీలాన్సర్‌దే. సంతకానికి ముందు ఆ షరతు చదవండి.

విడుదల దగ్గరపడ్డాక కోడ్ మొత్తం సర్దొచ్చా?
వద్దు. వేల వరుసలు ఒక్కసారి మారితే అసలు తప్పు ఎక్కడ దూరిందో వెతకలేం. హద్దు, ఖాళీలు సినిమా మొదలైన రోజే తేల్చుకుని, సర్దే పని బ్లాక్ (Black) లాంటి పరికరానికి అప్పగించండి. అప్పుడు అర్ధరాత్రి మీ ఫైలు తెరిచే కొత్త మనిషికి మీకు ఫోన్ చేసే అవసరం రాదు.