ప్లాస్టిక్ వానపాముకు అచ్చు తయారుచేద్దాం

గాలం వేసేవాళ్ల పక్కన ఒక డబ్బా, అందులో తడిమట్టి, ఆ మట్టిలో వానపాములు. ఇది మనందరికీ తెలిసిన సీనే. 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఏక్రన్ అనే ఊళ్లో నిక్ క్రీమ్ అనే ఆయన ఆ వానపామును మెత్తటి ప్లాస్టిక్‌తో తయారుచేశాడు. ఇప్పుడు సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరలు అని పిలిచే వాటికి పేరు తెచ్చింది ఆ పామే. మన దగ్గర కూడా నాచు, తూటికాడ పెరిగిన చెరువుల్లో కొర్రమీను కోసం మెత్తటి కప్పబొమ్మల్ని విసిరేవాళ్లు ఉన్నారు.

ఈ ఎరల్ని ఇంట్లోనే పోసుకోవచ్చు. పోయడం కొద్ది నిమిషాల పని. అసలు పనంతా అచ్చులో ఉంటుంది. ఈ పాఠం ఆ అచ్చు గురించే.

ఇడ్లీ రేకు, కజ్జికాయ చెక్క

అచ్చులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఇడ్లీ రేకులాంటిది. ఒకవైపు గుంట, పైన అంతా ఓపెన్. పోసిన ఎరకి కింద గుండ్రంగా, పైన చదునుగా వస్తుంది. రెండోది కజ్జికాయల చెక్కలాంటిది. రెండు ముక్కలు మూస్తే మధ్యలో పూర్తి ఆకారం ఏర్పడుతుంది. వానపాముకి మొదటి రకం చాలు. చేపపిల్ల ఆకారం కావాలంటే రెండోది చేయాలి.

ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్‌లో ఫౌండ్రీ చేసినప్పుడు "సీఎస్ఈ వాళ్లకి ఈ ఇసుక గోల ఎందుకు?" అని అందరం అనుకున్నాం కదా. ప్యాటర్న్, కోప్, డ్రాగ్, స్ప్రూ, వెంట్... ఆ మాటలన్నీ ఇక్కడ మళ్లీ వస్తాయి. ఇసుక బదులు ప్లాస్టర్, కరిగిన లోహం బదులు కరిగిన ప్లాస్టిక్, అంతే తేడా.

ముందు నమూనా

నమూనా అంటే మనకి కావలసిన ఎర ఆకారం. చెక్కతో చెక్కొచ్చు, పాలిమర్ క్లేతో చేయొచ్చు, త్రీడీ ప్రింట్ తీయొచ్చు. ప్రింట్ తీస్తే పైన కనిపించే లేయర్ గీతల్ని గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయండి. అచ్చు దేన్నీ దాచదు. నమూనా మీద వేలిముద్ర ఉంటే ప్రతి ఎర మీదా అది అచ్చుగుద్దినట్టు దిగుతుంది.

ఇక్కడ ఒక లాజిక్ అర్థం చేసుకోవాలి. అచ్చు నుంచి వస్తువు బయటికి వచ్చే సందర్భాలు రెండు. ముందు నమూనా రావాలి, తర్వాత ఎర రావాలి. ఎర మెత్తనిది, వంగి వచ్చేస్తుంది. కానీ గట్టి నమూనా చుట్టూ గట్టి ప్లాస్టర్ పోస్తే? లోపల వెడల్పుగా, నోటి దగ్గర ఇరుకుగా ఉన్న చోట రెండూ ఇరుక్కుపోతాయి. నమూనా రాదు, లాగితే అచ్చు విరుగుతుంది. అందుకే నమూనా వెడల్పాటి భాగం ఎప్పుడూ అచ్చు నోటివైపే ఉండాలి, లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడాలి. ఫౌండ్రీలో డ్రాఫ్ట్ అన్నది దీన్నే.

ప్లాస్టర్ పోయడం

నమూనా చదునైన వైపుని ఒక పలక మీద అతికించి, దానికి, పలకకి పల్చగా వ్యాజిలిన్ రాయాలి. చుట్టూ అట్టతో గానీ ప్లాస్టిక్ డబ్బాతో గానీ గోడ కట్టాలి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సుమారుగా 2 కప్పుల పొడికి 1 కప్పు నీళ్లు. నీళ్లలో పొడి చల్లాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. ఒక నిమిషం నాననిచ్చి మెల్లగా కలపండి. గిలక్కొడితే గాలి బుడగలు చేరతాయి. ముందు నమూనా మీద బ్రష్‌తో ఒక పూత వేసి, తర్వాత మిగతాది ఒక మూల నుంచి పోసి, డబ్బాని బల్ల మీద నాలుగుసార్లు తట్టండి. బుడగలు పైకి వచ్చేస్తాయి.

గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది. చేయి పెట్టి అచ్చు తీద్దామని ఎవరికైనా సరదా పుడితే వద్దనండి, కాలిన గాయాలవుతాయి. మిగిలిన ప్లాస్టర్‌ని సింకులో పారబోయకండి, పైపులోనే రాయి అవుతుంది.

రెండు ముక్కల అచ్చు కావాలంటే నమూనాని సగం వరకు బంకమట్టిలో పాతాలి. మట్టి మీద రెండు మూడు చోట్ల వేలితో గుంటలు నొక్కాలి. మొదటి సగం గట్టిపడ్డాక తిరగేసి, మట్టి తీసేసి, ప్లాస్టర్ ముఖానికంతా వ్యాజిలిన్ రాసి రెండో సగం పోయాలి. వ్యాజిలిన్ లేకపోతే రెండూ ఒకే రాయి అవుతాయి. గుంటల వల్ల ఏర్పడిన బొడిపెలు రెండు ముక్కల్ని జరగకుండా పట్టుకుంటాయి. చివర్లో ప్లాస్టిక్ పోయడానికి ఒక దారి, తోక చివర గాలి పోవడానికి ఒక సన్నటి గాడి చెక్కాలి. గాలి పోయే దారి లేకపోతే తోక నిండదు. తోక లేని ఎర నీళ్లలో కదలదు, కదలని ఎరని చేప పట్టించుకోదు.

ఎండబెట్టడం: ఇక్కడ తొందరపడొద్దు

అరగంటలో ప్లాస్టర్ గట్టిపడుతుంది. గట్టిపడిందంటే ఆరిందని కాదు. ఎరలకి వాడే ప్లాస్టిసాల్ సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర పోస్తాం. నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి. తడి ఉన్న అచ్చులో పోస్తే ఆ తడి ఒక్కసారిగా ఆవిరై, మరుగుతున్న ప్లాస్టిక్‌ని మొహం మీదికి చిమ్ముతుంది. అది నూనెలా జారిపోదు, చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది.

ఆరిందో లేదో చేత్తో ముట్టుకుని చెప్పలేం. వంటింటి తూకం తీసుకోండి. రోజూ ఒకే టైముకి అచ్చుని తూచి రాసుకోండి. నీళ్లు పోతున్నంతకాలం బరువు తగ్గుతుంది. వరసగా రెండు మూడు రోజులు అంకె మారకపోతే ఆరినట్టు. అంచనా అక్కర్లేదు, డేటా చెబుతుంది. ఆ తర్వాత తెల్ల జిగురులో సమానంగా నీళ్లు కలిపి రెండు మూడు పూతలు వేసి, మళ్లీ పూర్తిగా ఆరనివ్వాలి. అప్పుడు లోపల నున్నగా ఉంటుంది, ఎర అంటుకోకుండా వస్తుంది.

సిలికాన్ అయితే

సిలికాన్ రబ్బరు ఖరీదెక్కువ. కానీ అచ్చే వంగుతుంది కాబట్టి గట్టి నమూనా అయినా ఇరుక్కోదు, ఎండబెట్టే గొడవ లేదు. ఒక జాగ్రత్త: ప్లాటినం రకం సిలికాన్ గంధకం ఉన్న మట్టికి తగిలితే అక్కడ గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. మట్టి కొనేముందు చూసుకోండి. ఇక త్రీడీ ప్రింట్ తీసిన పీఎల్ఏనే అచ్చుగా వాడొచ్చు కదా అంటారేమో. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అది నమూనాగా పనికొస్తుంది, అచ్చుగా కాదు.

పోసే రోజు

ప్లాస్టిసాల్ అంటే ప్లాస్టిసైజర్ అనే ద్రవంలో కలిపిన పీవీసీ పొడి. చల్లగా ఉన్నప్పుడు పాలలా ఉంటుంది. వేడి చేస్తే ముందు చిక్కబడి, తర్వాత పల్చబడి గాజులా మెరుస్తుంది. అప్పుడే పోయాలి. పసుపు రంగుకి తిరిగితే మాడుతున్నట్టు. మాడిన పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కళ్లకి, ఊపిరితిత్తులకి ప్రమాదం. కాబట్టి హాస్టల్ గదిలో వద్దు, వంట చేసుకునే గిన్నెల్లో, మైక్రోవేవ్‌లో అస్సలు వద్దు. ఆరుబయట, కళ్లజోడు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ఆవిర్లు ఆపే మాస్క్‌తో, పక్కన ఇంకో మనిషి ఉండగా చేయండి.

సన్నటి ధారగా ఆపకుండా పోయాలి. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కొంచెం కుంచించుకుంటుంది, నోటి దగ్గర గుంట పడితే ఇంకో చుక్క పోయండి. తీసిన ఎరల్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో దాచకండి. ఎరలోని ప్లాస్టిసైజర్ కొన్ని రకాల డబ్బాల్ని కరిగిస్తుంది.

బాగా రానివి, చిరిగిపోయినవి పారేయకండి, మళ్లీ కరిగించి పోసుకోవచ్చు. వానపాము చెరువులో పడితే మట్టిలో కలిసిపోతుంది. ఈ పాము కలవదు, మింగిన చేప కడుపులోనూ అరగదు. కాబట్టి చెరువుకి ఎన్ని ఎరలు తీసుకెళ్లారో లెక్కపెట్టుకుని, తెగినవాటి ముక్కలతో సహా ఇంటికి తెచ్చుకోండి. అచ్చు ఇంట్లోనే ఉంది కదా, ఆ ముక్కలే రేపటి కొత్త పాములు.