టర్బో ఊదితే బండి గుంజుతుందా?

పెద్దపల్లి, సుల్తానాబాద్ ప్రాంతంలో కోతల కాలం వచ్చిందంటే రాజీవ్ రహదారి మీద వడ్ల బండ్లు బారులు తీరుతాయి. వెనుకట ఎడ్లబండి, ఆ తరువాత ట్రాక్టరు, ఇప్పుడు వాటితోపాటు పికప్పు. మహీంద్రా బొలేరో 2000 సంవత్సరంలో మార్కెట్లోకి వచ్చింది. దాని అన్నదమ్ముల్లాంటి పికప్పులు, టాటా 207లు మన పల్లెల్లో ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. ఇట్లా మూడో చేతికో నాలుగో చేతికో వచ్చిన డీజిలు బండ్ల గురించి అందరి నోటా ఒకటే మాట: "బండి గుంజుతలేదు." దానికి ఊళ్ళో దొరికే మందు కూడా ఒకటే: "పంపు స్క్రూ జర తిప్పు, టర్బో మంచిగ ఊదుతది."

ఈ మందు ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడి నుంచి విషమవుతుంది అన్నది మనం బి.ఎస్సీ.లో చదివే భౌతికశాస్త్రంతోనే తేల్చవచ్చునని నా అభిప్రాయం. మా ఇంట్లో అటువంటి బండి ఒకటి ఉన్నది. దాని కిరాయి మీదనే నా ఫీజు, మా చెల్లె ఫీజు నడుస్తున్నవి కాబట్టి ఈ లెక్కను కొంచెం పట్టుబట్టి చేశాను. ఇక్కడ చెప్పేదంతా మెకానికల్ పంపు ఉన్న పాత బండ్లకే వర్తిస్తుంది. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన భారత్ స్టేజ్ 6 బండ్లలో డీజిలు ఎంత పోయాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది, అక్కడ స్క్రూడ్రైవరుకు పని లేదు.

ముందు టర్బో అంటే ఏమిటో చూద్దాం. రామగుండం ఎన్.టి.పి.సి.లో 200, 500 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. అక్కడ బొగ్గు మండి నీటిని ఆవిరి చేస్తే, ఆ ఆవిరి టర్బైను రెక్కలను తిప్పుతుంది. పికప్పులో ఆవిరికి బదులు సైలెన్సరులోకి పోయే వేడి పొగ ఉంటుంది. పిడికిలంత చక్రాన్ని ఆ పొగ తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న ఇంకొక చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. వృథాగా పోయే పొగతో పని చేయించే ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. అది సరిగ్గా పనిచేసి చూపించడానికి ఆయనకు మరో ఇరవై ఏండ్లు పట్టింది. 1925లో శక్తి నలభై శాతం దాకా పెరిగిందని చూపాడు.

ఇక లెక్క. మా బండి ఇంజను 2523 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక రెండు చుట్లకు ఒకసారి నిండుతుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే వెయ్యిసార్లు నిండినట్టు, అనగా సుమారు రెండున్నర ఘనమీటర్ల గాలి. 40 డిగ్రీల ఎండలో ఒక ఘనమీటరు గాలి 1.13 కిలోల బరువుంటుంది. సిలిండరు ఎన్నడూ పూర్తిగా నిండదు, 85 శాతం నిండుతుందనుకుందాం. అంటే నిమిషానికి 2.4 కిలోల గాలి. ఒక కిలో డీజిలు మండటానికి పుస్తకం ప్రకారం పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. కాని డీజిలు తుంపరలుగా పడుతుంది కాబట్టి గాలితో పూర్తిగా కలవదు. పొగ రాకుండా మండాలంటే దాదాపు ఇరవై కిలోలు కావలె. కాబట్టి ఈ ఇంజను నిమిషానికి 0.12 కిలోల డీజిలును మాత్రమే శుభ్రంగా మండించగలదు. కిలోకు 43 మెగాజౌళ్ళ చొప్పున, అందులో 35 శాతమే పనిగా మారుతుందనుకుంటే, 30 కిలోవాట్లు, అనగా 40 హార్స్ పవర్ వస్తుంది.

గమనించవలసిన విషయం ఏమంటే, ఈ లెక్కలో డీజిలు చివరన వచ్చింది, మొదట వచ్చింది గాలి. డీజిలు ఇంజనులో పవరును పెట్టుబడితో పోలిస్తే, గాలి భూమి, డీజిలు ఎరువు. ఎకరం భూమిలో మూడెకరాల యూరియా చల్లితే ఏమవుతుందో మా నాయినను అడిగితే చెబుతాడు.

స్క్రూ తిప్పడమంటే యూరియా బస్తా విప్పడమే. పంపులో డీజిలు మోతాదును ఆపే స్క్రూను లోపలికి తిప్పితే ప్రతి స్ట్రోకుకు కొంత ఎక్కువ డీజిలు పడుతుంది. గాలి ఇంకా మిగిలి ఉన్నంతవరకు బండి నిజంగానే బాగా గుంజుతుంది. అందుకే ఈ మందుకు అంత పేరు. గాలి అయిపోయిన తరువాత పడే డీజిలు సగం కాలి, నల్లటి పొగై, సైలెన్సరు గుండా బయటికి పోతుంది. కొంత పిస్టను మీద మండుతూనే ఉంటుంది. పొగ వేడి 700 డిగ్రీలు దాటుతుంది. పిస్టను అల్యూమినియంతో చేసింది, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మామూలు రోజుల్లో అది కరగకుండా నిలబడుతున్నదంటే, మధ్యమధ్యన చల్లగాలి లోపలికి వస్తున్నది కాబట్టి, కింద నుంచి నూనె తగులుతున్నది కాబట్టి. బరువుతో కిలోమీటరు పొడుగు ఎత్తు ఎక్కేటప్పుడు ఆ చల్లదనం సరిపోదు. మా పక్క ఊళ్ళో ఒకరి బండి పిస్టను నెత్తి మీద రూపాయి బిళ్ళంత గుంట పడింది. సీజను మధ్యలో ఇంజను విప్పితే పోయేది బోరింగు ఖర్చు ఒక్కటే అయితే బాగుండును. కల్లంలో వడ్లు వానకు తడిసి, తేమ ఎక్కువున్నదని కొనుగోలు కేంద్రంలో పక్కకు పెడితే ఆ నష్టానికి బిల్లు ఉండదు.

సరే, గాలి పెంచుదాం. టర్బో 0.7 బార్ అదనపు పీడనం ఇస్తుందనుకుంటే, గాలి 1.7 రెట్లు అవుతుందా? కాదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిలు పంపు కొట్టినవాళ్ళందరికీ తెలుసు. స్థిరోష్ణక ప్రక్రియ సూత్రంలో పరమ ఉష్ణోగ్రత 313, పీడన నిష్పత్తి 1.7 వేసి, కంప్రెసరు దక్షత 65 శాతం అనుకుని చూస్తే, గాలి దాదాపు 119 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలుచన. అప్పుడు సాంద్రత పెరిగేది 36 శాతమే. అదే గాలిని ఇంటర్ కూలరులో 60 డిగ్రీలకు చల్లబరిస్తే పెరుగుదల 60 శాతం. పైన వచ్చిన 40 హార్స్ పవర్ మొదటి పద్ధతిలో 54, రెండవ పద్ధతిలో 64 అవుతుంది. టర్బో అదే, పీడనం అదే, తేడా పది హార్స్ పవర్.

నాకు ఈ పది హార్స్ పవర్ దగ్గరనే మన ప్రాంతపు బండ్ల రోగం కనబడింది. ఇంటర్ కూలరు రేడియేటరులాగే సన్నని రేకుల పెట్టె. మన బండ్లు తిరిగేది కల్లాల్లో, మిల్లుల దగ్గర. వరి పొట్టు, గడ్డి నలక, బొగ్గు లారీల వెంట లేచే దుమ్ము అన్నీ ఆ రేకుల నడుమ ఇరుక్కుంటాయి. రామగుండం వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. పొట్టు పట్టిన ఇంటర్ కూలరుతో, ఆ ఎండలో, బరువు వేసి, గుంజుతలేదని స్క్రూ తిప్పుతున్నాం! సర్వీసింగులో ప్రెషరు నీళ్ళు దగ్గర నుంచి కొట్టి రేకులను వంచేస్తారు, అది ఇంకొక బాధ. లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టాలి.

గాలి సరిగా వస్తున్నదా లేదా అన్నది అందాజగా చెప్పేది కాదు, కొలవవచ్చు. మన ప్రయోగశాలలోని పాదరసం మానోమీటరుతో కొలిస్తే 0.7 బార్ 52 సెంటీమీటర్లకు పైగా చూపుతుంది. నీళ్ళ గొట్టంతో అయితే ఏడు మీటర్ల గొట్టం కావలె, అంటే రెండంతస్తుల మేడ ఎత్తు. బండి మీద ఈ రెండూ కుదరవు కాబట్టి మామూలు ప్రెషరు గేజి తెచ్చాను. మానిఫోల్డు నుంచి పంపు మీది డయాఫ్రం డబ్బాకు ఒక సన్నని రబ్బరు గొట్టం పోతుంది. దాని మధ్యలో టీ ఆకారపు ముక్క పెట్టి, గేజిని పొడుగు గొట్టంతో క్యాబిన్ లోకి తెచ్చుకున్నాను. మా అన్న నడుపుతుంటే నేను అంకెలు రాసుకున్నాను. ముప్పై బస్తాల వడ్లతో, మూడో గేరులో, కాలువ కట్ట ఎక్కుతుంటే ముల్లు 0.3 దగ్గర ఆగిపోయింది.

మేము వెళ్ళిన షెడ్డులో మేస్త్రి చూసి, "తమ్మీ, టర్బో మార్చుడే, లేకుంటే స్క్రూ తిప్పి పంపిస్త" అన్నాడు. ఒక్క రోజు ఆగన్నా అని ఇంటికి తెచ్చి, ఇంజను ఆపి, ఇన్‌టేక్ గొట్టాల రెండు కొసలకూ బిరడాలు బిగించి, టైరు పంపుతో కొద్దిగా గాలి పెట్టి, పైనంతా సబ్బు నురగ రాశాను. ఇంటర్ కూలరు దగ్గర పెద్ద హోస్ పైపు క్లిప్పు కింద బుడగలు లేచినవి. రబ్బరు అడుగున వేలెడంత చీలిక ఉన్నది, పైకి కనబడదు. గాలి ఉబ్బినప్పుడే తెరుచుకుంటుంది. కొత్త హోసు, రెండు క్లిప్పులు, కొత్త ఎయిర్ ఫిల్టరు వేసి అదే కట్ట ఎక్కితే ముల్లు 0.65 దాకా పోయింది. స్క్రూ అట్లనే ఉన్నది.

ఇక్కడ పొగ రంగు చూసి రోగం చెప్పే పద్ధతి ఒకటి చెప్పాలి. గుంజకుండా నల్లపొగ వస్తే గాలి తక్కువ: ఫిల్టరు, హోసు, ఇంటర్ కూలరు చూడాలి. గుంజకుండా పొగ కూడా రాకపోతే డీజిలు తక్కువ: డీజిలు ఫిల్టరు మూసుకపోయి ఉండవచ్చు, లేదా ఆ సన్నని రబ్బరు గొట్టం పగిలి టర్బో ఊదుతున్న సంగతి పంపుకు తెలియడం లేదు. నీలిపొగ వస్తే నూనె కాలుతున్నట్టు, టర్బో సీళ్ళను అనుమానించాలి. మొదటి రకానికి డీజిలు పెంచడం పొరపాటు. రెండవ రకంలో కూడా స్క్రూ కంటే ముందు ఫిల్టరు మార్చి చూడాలి.

ఇప్పుడు గుంజుడు సంగతి. కట్ట ఎక్కడానికి హార్స్ పవర్ కంటే బలభ్రామకం ముఖ్యం. బండి, సరుకు కలిసి 2700 కిలోలు, వెనుక తగిలించిన కాంక్రీటు మిక్సరు 800 కిలోలు అనుకుందాం. డి-83, డి-86 కాలువ కట్టల మీదికి ఎక్కే కొన్ని బాటలు ఎనిమిదికి ఒకటి వాలు ఉంటాయి. వాలుకు 4300 న్యూటన్లు, మట్టి బాట రాపిడికి 1700, మొత్తం 6000 న్యూటన్లు. చక్రం వ్యాసార్థం 0.35 మీటర్లయితే చక్రం దగ్గర 2100 న్యూటన్ మీటర్లు కావలె. మొదటి గేరు, వెనుక ఇరుసు కలిపి పదహారు రెట్లు పెంచుతాయనీ, దారిలో 15 శాతం పోతుందనీ అనుకుంటే, ఇంజను 154 న్యూటన్ మీటర్లు ఇవ్వాలి. టర్బో సరిగా ఊదుతూ 180 ఇచ్చే ఇంజను ఎక్కుతుంది. గాలి కారిపోయి 130కి పడిపోయిన ఇంజను ఎక్కదు. డ్రైవరు క్లచ్ మీద కాలు పెట్టి అరగదీస్తాడు, ఆ వాసన ఊరంతా తెలుస్తుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. నిమిషానికి వెయ్యి, పదకొండు వందల చుట్ల దగ్గర పొగ తక్కువ, టర్బో ఇంకా మేలుకోదు. వాలు మధ్యలో ఆపి మళ్ళీ లేపడమంటే టర్బో లేని ఇంజనుతో ఎక్కడమే. కింద చదును మీదనే మొదటి గేరు వేసి, 1600 చుట్లు దాటించి, ఆపకుండా ఎక్కించాలి. ఇది పైసా ఖర్చు లేని మార్పు.

ఎక్కిన బండి దిగాలి కూడా. మిక్సరుకు బ్రేకులు ఉండవు. దిగేటప్పుడు ఆ 800 కిలోలు వెనుక నుంచి తోస్తాయి, టర్బో ఎంత ఊదినా బ్రేకు షూలు పాతవే. హుక్కును బంపరుకు కాక ఛాసిస్ అడ్డకమ్మీకి బిగించాలి. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 సెప్టెంబరు నుంచి అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. అదొక్కటే సగం సీజను కిరాయి తినేస్తుంది.

చివరగా టర్బో ఆయుష్షు గురించి ఒక మాట. దాని ఇరుసు పలుచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. బరువుతో వచ్చి వెంటనే ఇంజను ఆపితే నూనె ఆగిపోతుంది, కాలిన చక్రం వేడి మాత్రం ఇరుసు మీదికి పాకుతుంది, అక్కడ నిలిచిన నూనె మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు స్లోలో ఉంచి ఆపితే చాలు. మిల్లు గేటు ముందు క్యూలో నిలబడేవాళ్ళకు ఈ సలహా అక్కరలేదు, మెల్లగా జరుగుతూ జరుగుతూ ఇంజను తనంతట తానే చల్లబడుతుంది. బాధంతా కట్ట ఎక్కీ ఎక్కగానే తాళంచెవి తిప్పి, కిందికి దిగి బీడీ ముట్టించుకునేవాళ్ళతోనే.