మడతలలో దాగిన జన్యువులు



మన చర్మకణంలోను, గుండె కణంలోను ఉన్న జన్యువులు ఒక్కటే. మరి చర్మం చర్మంగాను, గుండె గుండెగాను ఎలా నిలుస్తున్నాయి? జవాబు కణంలోని కేంద్రకంలో ఉంది.

ఒక్క కణంలోని డి.ఎన్.ఎ. పోగులన్నిటినీ సాగదీసి వరుసగా పేర్చితే సుమారు 2 మీటర్ల పొడవుంటుంది. కేంద్రకం వెడల్పు మిల్లీమీటరులో దాదాపు నూరవ వంతు. అంత పోగు అందులో ఇమడాలంటే మడతలు తప్పవు. అందుకే అది హిస్టోనులనే ప్రోటీనులకు చుట్టుకొని ఉంటుంది. రోజూ కట్టే చీరలు దండెం మీద ఉంటాయి. పట్టుచీర పెట్టె అడుగున ఉంటుంది. కేంద్రకంలోనూ అంతే. ఆ కణానికి కావలసిన జన్యువులు వదులుగా ఉంటాయి. అక్కరలేనివి బిగుతుగా ముడుచుకొని, చాలావరకు కేంద్రకపు అంచున అంటుకొని ఉంటాయి.

ఈ మడతలను విప్పవచ్చునా? 1962లో జాన్ గర్డన్ కప్పపిల్ల పేగు కణంలోని కేంద్రకాన్ని, సొంత కేంద్రకం లేకుండా చేసిన కప్ప గుడ్డులో ఉంచి కొత్త జీవిని పెంచారు. 2006లో షిన్యా యమనాకా ఎలుక కణాలలోకి నాలుగు జన్యువులను పంపి, వాటిని ఏ కణంగానైనా ఎదగగల మూలకణాలుగా మార్చారు. మరుసటి సంవత్సరం మానవ చర్మకణాలతోనూ అది సాధ్యమైంది. వీరిద్దరికీ 2012లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఆ తొలి ప్రయోగాలలో నూటికి ఒక కణమైనా మారలేదు. కొత్త జన్యువులు పని చేయవలసిన చోట్లు గట్టిగా మూసుకొని ఉండటం ఇందుకొక ముఖ్య కారణం. పైగా సగం మారిన కణంలో పాత అమరిక గుర్తులు మిగిలిపోతాయి. ఆ నాలుగు జన్యువులలో ఒకటి క్యాన్సరుకు దారి తీయగలదు కూడా.

ఈ శాస్త్రం మనకెందుకు? మానవ పిండాన్ని చంపి మూలకణాలను తీయడం ఘోరమైన తప్పని శ్రీసభ 2008లో ‘దిగ్నితాస్ పెర్సొనే’ పత్రం ద్వారా బోధించింది. పెద్దవారి చర్మకణం నుండే మూలకణం రాగలిగితే, ఏ పిండమూ బలి కానవసరం లేదు. ఇది సంతోషించదగిన మార్గం.

కాని ఆశను అమ్మేవారు ఉంటారు. రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కినవన్నీ పరిశోధనగానే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కనుక రోగి ఉన్న కుటుంబం పొలం అమ్మి పరుగెత్తక ముందు, నమ్మకమైన వైద్యుని ఒక్క మాట అడగాలి: “ఇది రుజువైన చికిత్సా, ప్రయోగమా?”