రాత్రివేళ పిల్లల కాళ్ళనొప్పులు – పెద్దల కర్తవ్యం

పగలంతా ఆడిపాడి నిద్రించిన ఐదారేళ్ళ బిడ్డ అర్ధరాత్రి లేచి కూర్చుని, పిక్కలు లాగుతున్నాయని, కాళ్ళు పీకుతున్నాయని ఏడవడం అనేక గృహాలలో కనిపించే విషయమే. తల్లి దీపం వేసి చూస్తే కాలిపై దెబ్బ లేదు, వాపు లేదు, ఒంట్లో జ్వరం లేదు. కొంతసేపు కాళ్ళు ఒత్తితే బిడ్డ మళ్ళీ నిద్రపోతుంది. తెల్లవారగానే ఎప్పటివలె పరుగులు తీస్తుంది. దీనిని చూచి కొందరు దిష్టి తగిలిందనుకొంటారు. మరికొందరు బడి ఎగ్గొట్టడానికి చెప్పే సాకు అని కోప్పడతారు. బిడ్డ బాధ మాత్రం నిజమైనది. ఉదయానికి జాడ లేకుండా పోయినంత మాత్రాన రాత్రి నొప్పి అబద్ధం కాదు.

వైద్యులు వీటిని ‘ఎదుగుదల నొప్పులు’ అంటారు. 1823లో మార్సెల్ డ్యూషాం అనే ఫ్రెంచి వైద్యుడు ఎదుగుదలకు సంబంధించిన వ్యాధులను గురించి వ్రాసినప్పటి నుండి ఈ పేరు వాడుకలో ఉన్నది. అయితే ఈ పేరు అంత సరియైనది కాదు. శిశువు అతి వేగంగా పెరిగేది మొదటి సంవత్సరంలో, ఆ తరువాత యౌవనారంభంలో. ఈ నొప్పులు ఎక్కువగా వచ్చేది 3 నుండి 12 సంవత్సరాల నడుమ. ఎముకలు సాగడం వలననే నొప్పి కలుగుతుందని ఇంతవరకు నిరూపణ కాలేదు. పగలు అధికంగా పరుగెత్తిన, గెంతిన రోజుల్లో నొప్పి ఎక్కువగా రావడం మాత్రం తల్లిదండ్రులు తరచుగా గమనించే విషయం.

ఈ నొప్పులకు కొన్ని స్పష్టమైన లక్షణాలు ఉన్నాయి. సాధారణంగా రెండు కాళ్ళలోనూ వస్తాయి. పిక్కలు, తొడల ముందుభాగం, మోకాళ్ళ వెనుకభాగం వీటి స్థానాలు. నొప్పి కండరాలలో ఉంటుందే కాని కీళ్ళలో ఉండదు. సాయంకాలమో, రాత్రియో మొదలై కొన్ని నిమిషాల నుండి ఒకటి రెండు గంటల వరకు ఉండి, ఉదయానికి పూర్తిగా తగ్గిపోతుంది. వరుసగా కొన్ని రాత్రులు వచ్చి, ఆపై వారాల తరబడి రాకపోవచ్చు. మరొక ముఖ్యమైన గుర్తు: ఈ నొప్పి ఉన్న బిడ్డ కాళ్ళు పిసకమని తానే అడుగుతుంది. వేరే వ్యాధి వలన నొప్పి కలిగిన బిడ్డ చాలాసార్లు ఆ చోటును తాకనివ్వదు.

బిడ్డ లేచి ఏడ్చినప్పుడు పెద్దలు ముందుగా చేయవలసినది కసరుకొనకుండా దగ్గరకు తీసుకొనడం. “నొప్పి నిజమే, కాసేపటిలో తగ్గిపోతుంది” అని నెమ్మదిగా చెప్పాలి. భయం తగ్గితే నొప్పిని ఓర్చుకొనే శక్తి పెరుగుతుంది. తరువాత గోరువెచ్చని నువ్వుల నూనెతోగాని, కొబ్బరి నూనెతోగాని పిక్కలను, తొడలను మృదువుగా మర్దన చేయాలి. పెద్దలు వాడే ఘాటైన బామ్‌లు పసివారికి పూయరాదు. వేడినీటి సంచిని గుడ్డలో చుట్టి కాపడం పెట్టవచ్చు. ముందుగా దాని వేడిని తమ మణికట్టుపై పరీక్షించుకొనాలి. బిడ్డ నిద్రపోగానే దానిని పక్కమీద నుండి తీసివేయాలి.

నొప్పి తరచుగా వచ్చే పిల్లలచేత పడుకొనే ముందు చిన్న వ్యాయామం చేయించడం మేలు. బిడ్డ గోడకు రెండు చేతులు ఆనించి నిలబడాలి. ఒక కాలు ముందుకు పెట్టి, వెనుక కాలి మడమను నేలపై నుండి లేవనీయకుండా మెల్లగా ముందుకు వంగాలి. పిక్క సాగినట్లు అనిపించినప్పుడు పది అంకెలు లెక్కించి, కాలు మార్చాలి. దీనిని ఆటగా నేర్పితే పిల్లలు సంతోషంగా చేస్తారు.

నొప్పి భరించరానిదైతే వైద్యుని సలహాపై, బిడ్డ బరువునుబట్టి పారాసెటమాల్ ఇవ్వవచ్చు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు సొంతంగా ఇవ్వరాదు. అది కొందరు పిల్లలలో మెదడుకు, కాలేయానికి తీవ్రమైన హాని కలిగించగలదు.

పిల్లలతో కలిసి మెట్లదారిన కొండ ఎక్కే భక్తులు కూడా ఈ సంగతి గుర్తుంచుకొనాలి. మధ్యమధ్య కూర్చోబెట్టి, నీరు త్రాగించి, ఆ రాత్రి పడుకొనే ముందు కాళ్ళు ఒత్తడం మంచిది. మరునాడు బిడ్డ కుంటుతూ ఉంటే అది ఎదుగుదల నొప్పి అని సరిపెట్టుకొనక, పాదాలను, కీళ్ళను పరిశీలించి వైద్యునికి చూపించాలి.

ప్రతి కాలినొప్పినీ ఈ పేరుతో త్రోసిపుచ్చడం ప్రమాదకరం. నొప్పి ఎప్పుడూ ఒకే కాలిలో వస్తున్నా, ఉదయం లేచిన తరువాత కూడా ఉంటున్నా, కీలు వాచినా, ఎర్రబడినా, బిడ్డ కుంటుతున్నా ఆలస్యం చేయరాదు. జ్వరం, బరువు తగ్గడం, ఆకలి మందగించడం, ఒళ్ళు పాలిపోవడం, అకారణంగా కమిలిన మచ్చలు ఏర్పడడం వంటివి నొప్పితోపాటు కనిపిస్తే వెంటనే పిల్లల వైద్యుని సంప్రదించాలి. ఎముకకు చీము పట్టడం, కీళ్ళవాతం, అరుదుగా రక్తపు క్యాన్సర్ సైతం మొదట కాళ్ళనొప్పిగానే బయటపడవచ్చు. కాళ్ళు దొడ్డిగా వంగుతున్నట్లు తోస్తే విటమిన్ డి లోపం ఉన్నదేమో పరీక్షించవలసి ఉంటుంది.

అందువలన ఒక చిన్న పుస్తకంలో నొప్పి వచ్చిన తేదీ, ఏ కాలిలో వచ్చినది, ఎంతసేపు ఉన్నది, ఉదయం బిడ్డ నడక ఎలా ఉన్నది వ్రాసి ఉంచుకొనడం మంచిది. నెలరోజుల ఆ వివరాలు వైద్యునికి ఎంతో ఉపకరిస్తాయి. అన్నీ సవ్యంగా ఉంటే సాధారణంగా పరీక్షలు కూడా అవసరం కావు. ఈ నొప్పుల వలన ఎముకలకుగాని, ఎదుగుదలకుగాని నష్టం లేదు. చాలామంది పిల్లలలో కౌమారం నాటికి అవి వాటంతట అవే తగ్గిపోతాయి. అంతవరకు రాత్రి లేచిన బిడ్డ మాటను నమ్మి, ఓపికగా కాళ్ళు ఒత్తడం ఇంటి పెద్దల బాధ్యత.