పట్టాలోని పేరు, ఖాతాలోని సొమ్ము

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలవడంతో హోసూరు పరిసరాలలోని గులాబీలకు కొనేవారు కరవయ్యారు. మరునాడే కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, పీఎం కిసాన్ విడత రూ. 2,000ను ఏప్రిల్ మొదట్లోనే రైతుల ఖాతాలలో జమ చేయనున్నట్లు ప్రకటించారు. అది అదనపు సహాయం కాదు. ఏటా మూడు విడతలుగా ఇచ్చే రూ. 6,000లోని భాగమే.

ఈ సొమ్ము దున్నినవారికి కాక, పట్టాలో పేరున్నవారికి చేరుతుంది. కౌలు రైతులకు పూలు పారబోసిన నష్టమే మిగిలింది. నగరానికి వలస వచ్చిన మనలో పలువురి భూమి నేటికీ తాతల పేరిటనే ఉన్నది. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి దరఖాస్తుదారు పేరిట ఉండవలెనన్నది నియమం. ఆ తరువాత యజమాని మరణించగా వారసులకు సంక్రమించిన భూమికి మినహాయింపు కలదు. అయితే పట్టా మార్పిడి చేయించుకొనక తప్పదు.

ఈ నియమాన్ని దళారులు సులువుగా దాటివేశారు. అధికారుల పాస్‌వర్డులు సంపాదించి, రైతులు కానివారిని లక్షల సంఖ్యలో జాబితాలో చేర్చారు. సుమారు రూ. 110 కోట్లు పక్కదారి పట్టినట్లు 2020లో తమిళనాడు ప్రభుత్వం వెల్లడించింది. మోసం బయటపడిన జిల్లాలలో కృష్ణగిరి కూడా ఉన్నది. కరోనా సహాయమని నమ్మి ఆధార్, బ్యాంకు పుస్తకం అప్పగించిన పేదలెందరో! దళారికి కమీషన్ ముట్టింది. సొమ్ము తిరిగి చెల్లించవలసిన భారం మాత్రం ఖాతాదారుపై పడింది.