'పాస్ ఔట్' అను మాట



పరీక్షా ఫలితములు వచ్చు దినములలో మన బెంగుళూరు సంఘములలో "మావాడు పాస్ ఔట్ అయ్యాడు" అను మాట తరచుగా వినబడును. చదువు ముగించి కాలేజీ నుండి బయటికి వచ్చాడని దాని భావము. దేశమంతటా ఈ వాడుక ఉన్నది గనుక మేము దానిని తప్పని కొట్టివేయము. అయితే ఇంగ్లండులోను అమెరికాలోను ఈ మాటకు మొదట తోచు అర్థము స్పృహ తప్పుట. "ఐ పాస్డ్ ఔట్ ఇన్ 1998" అని అక్కడికి దరఖాస్తు పంపితే, 1998లో మూర్ఛపోయాడని చదువుకొందురు! "గ్రాడ్యుయేటెడ్ ఇన్ 1998" అని వ్రాయుట క్షేమము.

సైన్యములో మాత్రము శిక్షణ ముగించుకొనుటకు బ్రిటిషువారు కూడ ఇదే మాట వాడుదురు. మన ఉల్సూరు చెరువు దగ్గరి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రములో సిపాయిలు చేయు కవాతు పాసింగ్ ఔట్ పరేడే.

క్రియ ఒకటే, వెనుక చేరిన చిన్న మాట అర్థమును మార్చును. 'పాస్డ్' అంటే గట్టెక్కాడు, 'పాస్డ్ అవే' అంటే కన్నుమూశాడు. ఇది ఇంగ్లీషువారి చోద్యమేమీ కాదు. "అమ్మాయి లేచింది" అనుటకును "అమ్మాయి లేచిపోయింది" అనుటకును ఎంత దూరమో పెండ్లీడు పిల్లలున్నవారికి మేము చెప్పనక్కరలేదు.

ఇంకొక అర్థము పంచిపెట్టుట. పాటల పుస్తకములు చూపి అమెరికా అతిథి "పాస్ దెమ్ ఔట్" అంటే అందరికీ పంచమని.

ఈ పాఠము నిజముగా అక్కరకు వచ్చు చోటు ఆసుపత్రి. మన పెద్దలలో అనేకులకు కన్నడము అంతంత మాత్రము. క్యాజువాల్టీలోని డాక్టరుకు తెలుగు రాకపోవచ్చును. "హి ఫెల్ డౌన్" అని ఊరుకుంటే కాలు జారి పడ్డాడనుకొని ఎముకలు మాత్రమే చూడవచ్చును. స్పృహ తప్పి పడినయెడల గుండె, చక్కెర, రక్తపోటు కూడ చూడవలసియుండును. కనుక "హి పాస్డ్ ఔట్ అండ్ ఫెల్" అని స్పష్టముగా చెప్పండి. 'ఫెయింటెడ్' అన్నను సరియే. ఎన్ని నిమిషములకు తేరుకొన్నాడో, అనగా 'కేమ్ రౌండ్' అయ్యాడో, తలకు దెబ్బ తగిలినదో లేదో, కాళ్లు చేతులు కొట్టుకొన్నాడో లేదో కూడ చెప్పవలెను. ఇంగ్లీషు తడబడితే కన్నడములో "ప్రజ్ఞె తప్పిదె" అనండి. మన "స్పృహ తప్పింది"కి అది తోబుట్టువే గనుక నోటికి సులువుగానే వచ్చును.